ఖాళీలు మాయమైన రోజు

నెట్ లేకపోవడం వల్ల నేను బాగుపడిన సందర్భం ఒకటుంది. ఇప్పుడు కంప్యూటర్ కోర్సులు చదువుతున్న పిల్లలకు ఈ మాట వింతగా ఉంటుంది. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది తల్లాడ. సర్వీసులో ఎక్కువ భాగం ఖమ్మం చుట్టుపక్కలే గడిచింది. చివర్లో భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న ఒక అమ్మాయిల రెసిడెన్షియల్ కాలేజీకి వేశారు. ఈ వయసులో అంత దూరమా అని తెలిసినవాళ్లంతా జాలిపడ్డారు. నాకు మాత్రం అక్కడ బాగానే ఉండేది. హాస్టల్ పక్కనే ఒక గది ఇచ్చారు. ల్యాబ్ కిటికీ తీస్తే టేకు చెట్లు కనిపించేవి. తీసి ఉంచితే కోతులు చేతులు పెట్టి మౌస్ వైర్లు లాగేవి కాబట్టి చాలావరకు మూసే ఉంచేవాళ్లం.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తూ కేబుల్ తెంపారు. రేపు వేస్తాం, ఎల్లుండి వేస్తాం అంటూ సెమిస్టరంతా గడిపేశారు. ఫోన్ సిగ్నల్ కాలేజీ డాబా మీద ఒక మూలకు మాత్రమే వచ్చేది. అక్కడ నిలబడి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, అంతకు మించి దేనికీ పనికిరాదు.

ప్రోగ్రాం రాయడం తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఏ ప్రోగ్రాం రాసినా కొన్ని చిల్లర పనులు మళ్లీ మళ్లీ తగులుతుంటాయి. ఒక మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టడం, ముందూ వెనకా మిగిలిన ఖాళీలు తీసేయడం, తేదీని మనం రాసుకునే పద్ధతిలోకి మార్చడం, ఇలాంటివి. ఒక్కో పనికి ఒక్కో చిన్న ముక్క రాసిపెట్టుకుంటే దాన్ని ఫంక్షన్ అంటాం. కావలసినప్పుడల్లా పేరు పెట్టి పిలిస్తే ఆ పని చేసిపెడుతుంది. అలాంటివన్నీ ఒకచోట చేరిస్తే లైబ్రరీ. ఎవరెవరో రాసినవి నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి, దింపుకోవడమే. మాకు ఆ దింపుకునే దారి లేదు. అందుకని మన లైబ్రరీ మనమే రాసుకుందాం, ఒక్కొక్కరు ఒక్కో ఫంక్షన్ రాయండి, ఎవరిదైనా అందరూ వాడుకోవచ్చు అని క్లాసులో చెప్పాను.

ల్యాబ్ అసిస్టెంట్ ఏమంటాడోనని ఆయన వైపు చూశాను. ఆయనది ఖమ్మం. మూడు తరాలుగా టైలర్ల కుటుంబం. ఇంట్లో కుట్టుమిషన్ వదిలి కంప్యూటర్ల వైపు వచ్చింది ఆయనొక్కడే. కోర్సు గురించి అభిప్రాయం అడగకపోయినా చెప్పే మనిషి.

"మంచిదే మేడం" అన్నాడు. "మా అబ్బా నన్ను షాపుల కూర్చోబెట్టినప్పుడు మిషన్ ముట్టనియ్యలే. ముందుగాల కాజాలు కుట్టమన్నడు. చేతులు నొస్తున్నయంటే వినలే. ఇప్పటికీ ఎవని అంగీ చూసినా నా కండ్లు కాజాల మీదికే పోతయ్."

మా లైబ్రరీకి పేరు పెట్టింది పిల్లలే. ఏ కూర చేసినా చెయ్యి ముందు పోపుల డబ్బా మీదికే పోతుంది కాబట్టి, అన్ని కంప్యూటర్లకూ కలిసి ఉన్న ఫోల్డర్‌కు 'పోపుల డబ్బా' అని పేరు పెట్టారు. యూనివర్సిటీ రికార్డులో మాత్రం 'యుటిలిటీ ఫంక్షన్ లైబ్రరీ' అని మర్యాదగా రాశాను.

ఈ కథ ఇద్దరమ్మాయిలది. ఇద్దరూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకరు హైదరాబాద్‌లో ప్రోగ్రాంలే రాస్తున్నారు, ఇంకొకరు అడవి గ్రామాల బడి పిల్లలకు కంప్యూటర్ చెప్తున్నారు. వాళ్ల పేర్లు నేను రాయడం బాగుండదు. ఊళ్లతోనే చెప్తాను.

కొత్తగూడెం పిల్ల వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్లలో పెరిగింది. చురుకు, నోరు, నవ్వు అన్నీ ఎక్కువే. క్లాసులో ఫస్టు. డబ్బాలో అన్నిటికంటే కష్టమైన ఫంక్షన్ తనే రాసింది. కంప్యూటర్‌కు తెలుగు అక్షరం మనకు కనిపించినట్టు కనిపించదు. 'కి' అని రాస్తే మనకది ఒక అక్షరం. దానికి మాత్రం 'క' ఒక ముక్క, గుడి ఒక ముక్క. ఒత్తులుంటే ఇంకా ముక్కలు. ఈ ముక్కలను సరిగ్గా కలిపి, మాటను మనం చదివే అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్ అది. పుస్తకంలో లేదు, నేనూ చెప్పలేదు. కాగితాల మీద గుణింతాలు రాసుకుంటూ కుస్తీ పట్టి తనే సాధించింది. ఆ తర్వాత తెలుగు మాటలతో పనిపడ్డ ప్రతి ఒక్కరూ దాన్నే వాడుకున్నారు.

ములకలపల్లి పిల్ల ఆ మండలంలో లోపలి ఊరి నుంచి వచ్చింది. ఇంట్లో మాట్లాడేది కోయ భాష. బడికి వచ్చాకే తెలుగు. అడిగిందానికి సమాధానం చెప్పే ముందు కాసేపు ఆగేది. రాదేమో అనుకుని మేము తొందరపడి పక్కవాళ్లను అడిగేసేవాళ్లం. వెనకటి సంవత్సరం ప్రోగ్రామింగ్ పేపరు ఒకటి పోయింది. ఈ ప్రాక్టికల్ కూడా పోతే పై సంవత్సరంలోకి పంపరు, హాస్టల్ సీటు ఉండదు. అట్లా అయితే కొత్తగూడెంలో ఒక బట్టల షాపులో పనికి చేర్చడానికి మేనమామ అప్పటికే మాట్లాడి పెట్టాడు.

"షాపుల పని మంచిదే మేడం" అంది నాతో ఒకసారి. "కానీ నాకు గిదే మంచిగనిపిస్తుంది. మిషన్ నన్ను తొందర పెట్టదు. నేను ఆలోచించేదాక ఆగుతది."

తన వంతుకు వచ్చింది పేరును కుదించే ఫంక్షన్. ఇంటిపేరు, అసలు పేరు మొత్తం ఇస్తే, ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, మిగతా పేరు ఇవ్వాలి. హాజరు పట్టీల్లో రాసుకునే పద్ధతి. దానికి తను కొత్తగూడెం పిల్ల రాసిన విడగొట్టే ఫంక్షన్ మీదే ఆధారపడింది. అక్షరాలు వరసగా వస్తాయి, మధ్యలో ఖాళీ ఎక్కడ వస్తే అక్కడ ఒక మాట అయిపోయినట్టు.

ఇద్దరూ ఒకే క్లాసు అయినా ఈమె ఆమెను "అక్కా" అని పిలిచేది. కోడ్ ఎక్కడ తప్పిందో వెతికే పద్ధతి నేర్పింది ఆ అక్కే. నేను చెప్పినప్పుడు ఎక్కనిది ఆమె చెప్తే ఎక్కేది. "ఎక్కడ అనుమానమొస్తే అక్కడ ఆపి, లోపల ఏమున్నదో స్క్రీన్ మీదికి రప్పియ్యి. ఊహించకు, చూడు" అని చెప్తుండగా నేను పక్కనుంచి విన్నాను. నా పాఠం కంటే చిన్నగా, బాగా ఉంది.

ప్రాక్టికల్ పరీక్షకు ఖమ్మం నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తగా ఉండేది, మార్కులు మాత్రం మెత్తగా ఉండేవి కావు. ఆయన పద్ధతి ఒకటే. పిల్లలు సిద్ధం చేసుకున్న ఉదాహరణ చూడరు. తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తనే టైప్ చేసి ఏమొస్తుందో చూస్తారు. అది మూడు మాటల పొడవాటి పేరు. ఆ రోజు మా ల్యాబ్‌లో ఆ పేరు పడ్డ పాట్లు అంతా ఇంతా కాదు.

పొద్దున ల్యాబ్ అసిస్టెంట్ ఉమ్మడి ఫోల్డర్ నుంచి డబ్బా కొత్త కాపీ తీసి అన్ని కంప్యూటర్లలో వేశాడు. ఎవరి దగ్గరా పాతది ఉండకూడదని ముందే అనుకున్నాం.

కొత్తగూడెం పిల్ల వంతు ముందే వచ్చింది. విడగొట్టేదాని మీద ఆధారపడి అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షన్ కూడా తనే రాసింది, పరీక్షకు అదే చూపించింది. ఎగ్జామినర్ తన పేరు కొట్టారు. లెక్క వచ్చింది. ఆయన వేళ్ల మీద అక్షరాలు ఎంచుకుని చూసి, "ఖాళీలను కూడా లెక్కలో వేస్తుందనుకున్నా. వెయ్యలేదే. బాగుందమ్మా" అన్నారు. ఆ పిల్ల నవ్వుకుంటూ బయటికి వెళ్లింది.

భోజనాల తర్వాత ములకలపల్లి పిల్ల వచ్చింది. ఇన్విజిలేటర్ కుర్చీలో ఎగ్జామినర్, పక్కన నేను. ఇంటర్నల్ ఎగ్జామినర్‌ను కాబట్టి పరీక్ష నడుస్తుండగా నేను నోరు మెదపకూడదు. ఆయన లేచి వెళ్లి తన పేరు టైప్ చేశారు.

స్క్రీన్ మీద ఒక అక్షరం వచ్చింది, పక్కన చుక్క. అంతే. మిగతా పేరు లేదు.

ఆయన మళ్లీ కొట్టారు. మళ్లీ అదే.

"నా పేరు ఏమైపోయిందమ్మా?"

ఆ పిల్ల కాసేపు స్క్రీన్ చూసింది. నిన్నటిదాకా అదే ఫంక్షన్ నా ముందే ఎన్నో పేర్లకు సరిగ్గా పనిచేసింది. ఆమె ముఖంలో ఏమీ తెలియలేదు.

"నిన్న మంచిగ వచ్చింది సార్" అంది.

"నిన్నటికి నేను మార్కులు వెయ్యలేను కదా."

"అవ్ సార్. కొంచెం టైమియ్యండి, చూస్త."

ఆయన వాచీ చూసుకుని, "సరే, చూడు" అన్నారు. కుర్చీలోకి వచ్చి కూర్చుని, అప్పటికే మార్కుల షీటు ముందుకు లాక్కున్నారు.

ఆమె తన ఫంక్షన్ తెరిచింది. అక్క నేర్పినట్టే, మొదట్లో ఒక చోట ఆపి లోపల ఏమొస్తుందో స్క్రీన్ మీదికి రప్పించింది. పేరు మొత్తం వచ్చింది. అక్షరాలుగా విడగొట్టాక ఏమొస్తుందో రప్పించింది. అక్షరాలు వరసగా వచ్చాయి. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. నేనూ ముందుకు వంగాను. అక్షరాలన్నీ ఉన్నాయి, ఒత్తులతో సహా. మాటల మధ్య ఖాళీలు మాత్రం లేవు. మూడు మాటలూ అతుక్కుని ఒకే మాటయ్యాయి. మాట ఒకటే అయినప్పుడు దాన్నే ఇంటిపేరనుకుని, మొదటి అక్షరం రాసి ఊరుకుంది ఈమె ఫంక్షన్. తప్పేమీ లేదు దానిది.

పొద్దున ఎగ్జామినర్ మెచ్చుకున్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. లెక్కలో ఖాళీలు పడకుండా ఉండాలని కొత్తగూడెం పిల్ల లెక్కపెట్టే ఫంక్షన్‌ను మార్చలేదు. నిన్న సాయంత్రం అందరూ వాడుకునే విడగొట్టేదాన్నే మార్చింది. తన పనికి సరిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆగాను. నేను చెప్తే అది పరీక్ష కాదు, వకాల్తా అవుతుంది. పైగా ములకలపల్లి పిల్లకూ తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఎందుకంటే తలతిప్పి కిటికీ వైపు చూసింది. వరండాలో పిల్లల మధ్య కొత్తగూడెం పిల్ల నిలబడి ఏదో చెప్తూ నవ్విస్తోంది.

"దొరికిందా?" అన్నారు ఎగ్జామినర్.

"దొరికింది సార్. పేర్ల నడుమ ఖాళీలు పోతున్నయ్. నా ఫంక్షన్‌ల కాదు, నేను వాడుకున్నదాంట్ల."

"అది ఎవరు రాశారు?"

ఆమె అలవాటుగా ఆగింది. ఈసారి మామూలు కంటే ఎక్కువసేపు ఆగింది.

"డబ్బా అందరిది సార్" అంది.

"అందరూ కలిసి ఒక ఫంక్షన్ రాయరమ్మా. ఎవరో ఒకళ్లు రాస్తారు. తప్పు నీది కాదంటున్నావు. ఎవరిదో చెప్పకపోతే నేను నీదే అనుకోవాల్సి వస్తుంది."

"చెప్పలేను సార్. సరిచేసి చూపిస్త."

తలుపు దగ్గర నిలబడ్డ ల్యాబ్ అసిస్టెంట్ ఈ మాటలన్నీ విన్నాడు. ఆయన నావైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. నెమ్మదిగా వరండాలోకి జరిగాడు. ఏమన్నాడో తర్వాత ఆయనే చెప్పాడు: "బేటా, లోపల పేర్ల నడుమ ఖాళీలు మాయమైనయంట. నీకేమన్న ఎరుకేనా?" అంతే అన్నాడట.

నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి ఆ పిల్ల తలుపు దగ్గరికి వచ్చింది.

"సార్, లోపలికి రావచ్చా?"

"నీది అయిపోయింది కదమ్మా."

"అయిపోయింది సార్. ఆ ఖాళీలు నేనే తీసేసిన. నిన్న సాయంత్రం. నా లెక్క సరిగ్గ రావాలని విడగొట్టేదాంట్ల మార్చిన. గది మా చెల్లె వాడుకుంటుందని యాదికి లేదు. ఎవ్వరికి చెప్పలే."

చెల్లె అన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఆమె పేరు పెట్టే పిలిచేది.

ఎగ్జామినర్ ఇద్దరినీ చూశారు. కోప్పడతారనుకున్నాను. మార్కుల షీటు మూసి, ములకలపల్లి పిల్ల వైపు తిరిగారు.

"సరే. ఇప్పుడు నిన్ను అడుగుతున్నా. ఆమె మార్చింది తీసేస్తే నీ పేర్లు బాగుపడతాయి, కానీ ఆమె లెక్క పాడవుతుంది. పొద్దున నేను బాగుందన్న లెక్క. ఉంచితే ఆమె లెక్క బాగుంటుంది, నీ పేర్లు పాడవుతాయి. ఏం చేస్తావు?"

నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎవరినీ అంత మంచి ప్రశ్న అడగలేదు.

ఆమె ఆలోచించింది. ఎగ్జామినర్ తొందరపెట్టలేదు.

"ఖాళీలు తీసే పని లెక్కపెట్టేదాంట్లనే పెట్టాలె సార్" అంది. "ఖాళీ వద్దన్నది ఒక్క లెక్కకే. విడగొట్టేదాన్ని ఇంకా శానామంది వాడుకుంటున్నరు. దాన్ని మొదలెట్ల ఉన్నదో గట్లనే ఉంచాలె."

"చేసి చూపించు. నువ్వొక్కదానివే. ఆమె అక్కడే నిలబడాలి."

కొత్తగూడెం పిల్ల తలుపు దగ్గరే నిలబడింది. చేతులు కట్టుకుంది, విప్పింది, మళ్లీ కట్టుకుంది. తన కోడ్‌ను ఇంకొకరు మారుస్తుంటే దూరం నుంచి చూడడం ఎంత కష్టమో ప్రోగ్రాం రాసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ములకలపల్లి పిల్ల విడగొట్టేదాన్ని వెనకటిలా చేసింది. లెక్కపెట్టేదాంట్లో ఒక వరస కలిపింది. రెండూ నడిపింది. ముందు అక్క లెక్క చూసుకుంది. సరిగ్గా వచ్చింది. తర్వాత తన పేర్లు.

ఎగ్జామినర్ లేచి వచ్చి మరోసారి తన పేరు కొట్టారు. ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, మిగతా రెండు మాటలు వచ్చాయి, మధ్యలో ఖాళీతో సహా.

"ఇదీ నేను" అన్నారు.

ములకలపల్లి పిల్ల పాసైంది. బాగానే పాసైంది. కొత్తగూడెం పిల్లకు కొన్ని మార్కులు తగ్గాయి, ఆ సెమిస్టర్‌కు ఫస్టు ర్యాంకు వేరే అమ్మాయికి పోయింది. ఎగ్జామినర్ వెళ్లేటప్పుడు నాతో, "తగ్గించక తప్పలేదు మేడం. వచ్చి ఒప్పుకుంది కదా అని వదిలేస్తే, ఒప్పుకోవడం తేలికైపోతుంది" అన్నారు. ఆయన మాట నాకు పూర్తిగా నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా కాదనలేను.

ఆ తర్వాత ఇద్దరూ కలిసిపోయారని మీరు అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను. మాటలు మానేశారు.

కొత్తగూడెం పిల్ల స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, అడక్కుండానే చెప్పింది. "నా పేరు చెప్తే అయిపోతుండె మేడం. సార్ ఒక మాట అంటుండె, నేను పడుతుంటి. చెప్పకుండ కూసుంది. చెప్పనందుకు నేనే పొయ్యి చెప్పుకోవాల్సొచ్చింది. అందరి ముంగట మంచిది అది, చెడ్డదాన్ని నేను."

"ఆ పిల్ల నిన్ను చెడ్డదాన్ని చెయ్యాలని చేసిందా?"

"లేదు మేడం. అందుకే ఇంకా కోపమొస్తున్నది."

ములకలపల్లి పిల్ల కూడా వచ్చింది, వేరే పూట. మార్కుల గురించి అడగలేదు.

"అక్క పేరు చెప్పుడు నాకు నోరు రాలే మేడం. చెప్పకుంటే మంచిదనుకున్న. గిట్లయితదనుకోలే."

మార్కులు వేయడానికి నా దగ్గర పద్ధతి ఉంది గానీ, దీనికి లేదు. ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగితే, "జల్దీ చెయ్యకుండ్రి మేడం. కుట్టు విప్పి మళ్ల కుట్టేటప్పుడే బట్ట చిరుగుతది" అన్నాడు. ఆయన చేసిన పని ఒకటే. ఎవరైనా అందరి ఫంక్షన్‌ను మారిస్తే, అది ఎవరెవరు వాడుతున్నారో కనుక్కుని వాళ్లకు చెప్పాకే మార్చాలని పెద్ద అక్షరాలతో రాసి ల్యాబ్ తలుపుకు అంటించాడు. అది అంతకు ముందే ఎవరికీ తోచకపోవడం ఏమిటని అందరం ఆశ్చర్యపోయాం.

సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. కేబుల్ కూడా వేశారు. కావలసిన లైబ్రరీలు ఏవైనా దింపుకోవచ్చు. ఇక పోపుల డబ్బా పని అయిపోయిందనుకున్నాను. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌కు వెళ్తే, ములకలపల్లి పిల్ల ఒక్కతే కూర్చుని దాంట్లోనే ఏదో రాసుకుంటోంది. కోయ మాటలను తెలుగు అక్షరాల్లో రాసి, వాటిని వరస ప్రకారం అమర్చే ఫంక్షన్. ఎవరూ అడగలేదు, మార్కులకూ కాదు. ఎందుకని అడిగితే, "మా ఊరి పిల్లలకు అక్కరొస్తది మేడం. ఇంట్ల ఒక మాట, బడిల ఒక మాటైతది. నాకు మస్తు కష్టమైంది" అంది.

నేను నా కుర్చీలో కూర్చుని ఏవో కాగితాలు చూసుకుంటున్నాను. కొత్తగూడెం పిల్ల లోపలికి వచ్చింది. నన్ను చూసి తలూపింది. ములకలపల్లి పిల్ల వెనక కాసేపు నిలబడి స్క్రీన్ చూసింది. తర్వాత పక్క కంప్యూటర్ ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ఫంక్షన్లు నువ్వు యాడయాడ వాడినవ్?" అంది. "చూపియ్యి. నేను దాన్ని ఇంకొంచెం బాగు చెయ్యాలె. ముందుగాల నిన్ను అడుగుతున్న."

ములకలపల్లి పిల్ల కీబోర్డు కొంచెం పక్కకు జరిపి, స్క్రీన్‌ను ఇద్దరికీ కనిపించేలా తిప్పింది. ఒకటి చూపించింది. ఇంకొకటి చూపించింది. పేజీ కిందికి జరుపుతూ ఇంకా చూపిస్తూనే ఉంది.

"ఇన్నిట్ల ఉన్నానే నేను?" అంది కొత్తగూడెం పిల్ల.

"అవ్ అక్కా" అంది ఆమె. "ఇంకా ఉన్నయ్."